వరసలో అయిదో బండి

కర్పూరం కాదు. కర్పూరం వాసన పైకి ఎక్కుతుంది. ఇది కిందికి దిగి నాలుక మీద కూర్చుంటోంది, కాస్త తియ్యగా, కాస్త చేదుగా. పెట్రోలు. గరాజులో పెట్రోలు వాసన రాకపోతే ఆశ్చర్యపడాలి గాని వస్తే ఎందుకు, అని సూర్యం తనకు తానే చెప్పుకున్నాడు. చెప్పుకుంటూ ఉండగానే, ఆ మాటలు తనవి కావని, తన భయానివని గుర్తుపట్టాడు. అతని భయం ఎప్పుడూ అరవదు. మర్యాదగా సర్దిచెబుతుంది.

ఉదయం పదీ ఇరవై. ఉక్కు కర్మాగారం ఊళ్లో, బారిడీహ్ పేటలో అప్పలరాజు గరాజు. విశ్వకర్మ పూజ కాబట్టి పొద్దున్నే అన్ని బండ్లూ కడిగేశారు. నేలంతా తడి. ఆ తడిలో ఏది నీళ్లో ఏది కాదో ఎవరూ చూడరు. సూర్యం చూశాడు. తన తెల్ల కారు వెనక చక్రం దగ్గర నీళ్ల మీద ఊదా, పచ్చ, నీలం రంగులు మెల్లగా సాగుతున్నాయి.

ఇక్కడ అతని పేరు సూర్యం కాదు. మూడు నెలలుగా దేముడు. చిన్నప్పుడు జ్వరంలో గొంతు పోయిన మూగ డ్రైవరు. ఢిల్లీలో బ్రీఫింగ్ నాలుగు నిమిషాల్లో ముగిసింది.

“విదేశీ ముఠా. యుద్ధ ట్యాంకుల కవచానికి వాడే ఉక్కు ఫార్ములా కొంటున్నారు. వాళ్లలో ఒకతె మన మనిషి. కోడ్ నేమ్ రోహిణి.”

“నా పని?”

“డ్రైవింగ్. అమ్ముడుపోయిన వాళ్ల జాబితా ఆమె చేతికి చిక్కిన రోజు సోనారి ఎయిరోడ్రోమ్‌కు చేర్చాలి. నిన్ను మూగవాడని వాళ్ల దగ్గర పెట్టించేది ఆమే. నువ్వు ఒక్క మాట మాట్లాడావంటే ఆమె అబద్ధం చెప్పినట్టు. అబద్ధం చెప్పిన వాళ్లను ఆ ముఠా ఏం చేస్తుందో ఫైల్లో ఫొటోలున్నాయి. చూస్తావా?”

చూడలేదు. మాట్లాడకపోవడం ఏం కష్టం అనుకున్నాడు. నలభై ఏళ్లలో తాను అనాలనుకుని అనని మాటలే ఎక్కువ.

ఈరోజే ఆ రోజు. విమానం పదకొండున్నరకు. రోహిణి షామియానా కింద కుర్చీలో కూర్చుని ఉంది. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్లకళ్లద్దాలు. పక్కన ప్రవీణ్. స్పేర్ పార్ట్స్ సేల్స్‌మన్ అని అందరూ అనుకునే ముఠా మనిషి. అందరూ విగ్రహాన్ని చూస్తున్నారు. ప్రవీణ్ మాత్రం సూర్యాన్ని చూస్తున్నాడు.

సూర్యం పసుపుగుడ్డతో చక్రం తుడుస్తున్నట్టు కిందికి వంగాడు. ట్యాంకు అడుగున స్క్రూడ్రైవర్ మొన పట్టేంత రంధ్రం. అంచులు కొత్తగా మెరుస్తున్నాయి. ఎవరో పొడిచారు. ఇది హత్య మాత్రమే కాదు, పరీక్ష. పూజ రోజు ప్రతి బండికీ హారతి ఇస్తారని ప్రవీణ్‌కు తెలుసు. నిజంగా మూగవాడైతే కాలిపోతాడు. కాకపోతే అరుస్తాడు. ఏది జరిగినా వాడికి జవాబు దొరుకుతుంది.

హారతి మొదలైంది. అప్పలరాజు తల్లి సన్యాసమ్మ ఇత్తడి పళ్లెం పట్టుకుని వరసలో మొదటి బండి దగ్గరికి వచ్చింది. అది ఆటో. బండి చుట్టూ మూడుసార్లు పళ్లెం తిప్పి, కిందికి వంగి చక్రానికి చూపించింది. ఆటో తర్వాత రెండు స్కూటర్లు, ఒక వ్యాను. అయిదోది సూర్యం కారు.

చక్రం దగ్గర. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేల మీదే పాకుతుంది. పళ్లెం నడుమెత్తున ఉన్నంతసేపూ ఏమీ కాదు. ఆమె వంగితే చాలు. అంతా తెలుసు. ఇంత తెలిసీ చెయ్యగలిగింది లేకపోవడమే నరకమేమో అనుకున్నాడు.

చొక్కా గుండీలో కెమెరా ఉంది. పెన్నులో ట్రాన్స్‌మిటర్ ఉంది. పెట్రోలు కారుతున్న చోట ఆ పెన్ను నొక్కడానికి చెయ్యి రాలేదు. కారు స్టార్ట్ చేసి తీసుకుపోదామంటే ఒక్క నిప్పురవ్వ చాలు. బక్కెట్ పక్కన బట్టల సబ్బు కనిపించింది. దాన్ని తీసుకుని కారు కిందికి దూరి రంధ్రం మీద గట్టిగా రుద్దాడు. ధార ఆగి చుక్కలైంది. చుక్కలూ ఆగాయి. కానీ అప్పటికే కారిపోయినది నేల మీదే ఉంది. నీళ్లు పోస్తే నీళ్ల మీద తేలి ఇంకా దూరం పోతుంది. ఇసుక కావాలి.

గరాజు గోడకు ఎర్ర బక్కెట్ నిండా ఇసుక ఎప్పుడూ ఉంటుంది. నిప్పు అంటుకుంటే వాడడానికి. ఇవాళ అది విగ్రహం ముందుంది. ఆ ఇసుక నిండా వెలుగుతున్న అగరొత్తులు.

పరుగెత్తి బక్కెట్ అందుకున్నాడు. అప్పలరాజు మణికట్టు పట్టుకున్నాడు.

“ఏటిరా మూగోడా? అగరొత్తులు గుచ్చిన బక్కెట్టుతో నీకేటి పని?”

సూర్యం కారు వైపు చూపించాడు. ముక్కు మూసుకున్నాడు. చేతులతో మంటలు పైకి లేచినట్టు చూపించాడు.

అప్పలరాజు నవ్వాడు. “ఓహో, నీ బండికి గూడా హారతి గావాలా? వత్తంది, మాయమ్మ ఒక్కొక్కటే సూపించుకుంటూ వత్తంది. ఆగలేవేటి?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. లౌడ్‌స్పీకర్‌లో పాట మారింది. అగరొత్తులు తీసేద్దామని చెయ్యి పెడితే అప్పలరాజు ఆ చెయ్యి మీద ఒకటి కొట్టాడు. చేతులు ఎంత ఆడిస్తే అంత నవ్వు. మూడు నెలలుగా వాళ్లకు తాను వినోదమే. ఆ వినోదాన్ని పెంచి పోషించింది తానే.

రెండో బండి. మూడోది.

కారు దగ్గరికి తిరిగివచ్చి ముందు అద్దాన్ని మూడుసార్లు తుడిచాడు. రెండుసార్లంటే ఎక్కు. మూడంటే ఎక్కకు. రోహిణి చూసింది. లేవబోయింది.

“బైఠియే మేడమ్,” అన్నాడు ప్రవీణ్, కూర్చోమని ఆమె మోచేతి మీద చెయ్యి వేసి. “గూంగే కీ గాడీ కీ ఆరతీ తో దేఖ్ లీజియే.” మూగవాడి బండి హారతి చూసి పొమ్మంటున్నాడు.

ఆమె కూర్చుంది. నల్లకళ్లద్దాల వెనక కళ్లు ఎటు చూస్తున్నాయో సూర్యానికి తెలియలేదు. ఆమె అసలు పేరు కూడా తెలియదు. ఎవరి కోసం ఈ గొంతు మూసుకుని కూర్చున్నాడో ఆ మనిషితో ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడితే ఆమె పోతుంది. మాట్లాడకపోతే సన్యాసమ్మ, అప్పలరాజు, ఈ నవ్వుతున్నవాళ్లందరూ పోతారు. లెక్క తేలిక. అయినా నోరు తెరుచుకోలేదు. నోరు తన మాట వినడం మానేసి ఎన్నాళ్లయిందో.

నాలుగో బండి అయింది. సన్యాసమ్మ వచ్చింది. సూర్యం ఆమెకూ చక్రానికీ మధ్య నిలబడ్డాడు. చేతులు చాచి అడ్డుపడ్డాడు.

“తప్పుకో నాయినా.”

తప్పుకోలేదు.

“ముందు నువ్వు కళ్లకద్దుకుంటావేటి?” ఆమె కళ్లు ముడతల్లో నవ్వాయి. “బండికన్నా ముందు డైవరుకేనా! సరే, తీసుకో.”

పళ్లెం ఎత్తి అతని గడ్డం కిందికి తెచ్చింది. కర్పూరం మంట నీలంగా, తెల్లగా, ఊరికే ఊగుతోంది. దాని వేడి పెదవులకు తగిలింది. పళ్లెం లాక్కుంటే ఒలుకుతుంది. గట్టిగా ఊదితే మండే కర్పూరం పలుకు ఎగిరి నేల మీద పడుతుంది. హారతిని నోటితో ఆర్పరు. ఇంటి దీపాన్నే ఆర్పరు. పుట్టినప్పటి నుంచీ ఒంట్లో ఇంకిన నిషేధం అది.

పళ్లానికి రెండు అరచేతులూ అడ్డుపెట్టి, వేడిపాలు చల్లార్చినంత మెల్లగా, ఊదాడు.

మంట ఆరిపోయింది. సన్నని పొగ.

“ఓలమ్మో! హారతి ఊదీసినాడు! సచ్చినోడు, అపసకునం!” సన్యాసమ్మ గుండెలు బాదుకుంది. లౌడ్‌స్పీకర్ ఆపేశారు. అప్పలరాజు పరుగున వచ్చి అతని కాలరు పట్టుకుని కారు పక్కకు పడదోశాడు. పడినవాణ్ణి తన్నడానికి తానూ వంగాడు. వంగినవాడు అలాగే ఆగిపోయాడు. ముక్కు ఎగబీల్చాడు. తడిలో వేలు ముంచి వాసన చూశాడు.

“పెట్రోల్రా!” అతని గొంతు కీచుమంది. “అమ్మా, ఎనక్కెల్లు! పళ్లెం పారీయకు, సేతిలోనే ఉంచు! ఒరేయ్, ఆ ఇసక బక్కెట్టు తెండ్రా! అగరొత్తులు పీకీయండి, అన్నీ పీకీయండి!”

ఇసుక పోశారు. పదిమంది చేతులతో నెట్టి కారును గరాజు వెనక ఖాళీ స్థలంలోకి తోశారు. ప్రవీణ్ చాలాసేపు సూర్యం నోటివైపే చూశాడు. చివరికి పళ్ల మధ్య నుంచి ఉమ్మి, “గూంగా హీ హై సాలా,” నిజంగా మూగవాడే అన్నాడు, పరీక్ష పాసైనవాడి మీద మాస్టారుకుండే విసుగుతో.

“మరి నేను హోటల్‌కి ఎలా వెళ్లాలి?” అంది రోహిణి గడియారం చూసుకుంటూ. పదీ నలభై అయిదు.

“నా ఆటో ఇత్తాను మేడమ్. ఈడే తోల్తాడు,” అన్నాడు అప్పలరాజు.

ఆమె ఎక్కింది. సూర్యం హ్యాండిల్ పట్టుకున్నాడు. చీరకొంగు చాటున ఆమె వేళ్లు రెండుసార్లు సీటు మీద తట్టాయి. అంటే జాబితా ఆమె దగ్గరే ఉంది. హోటల్ మాట ప్రవీణ్ కోసం. సోనారికి అరగంట. దారి ఖాళీ.

ఆటో ముందు సన్యాసమ్మ నిలబడింది. చేతిలో ఆరిన పళ్లెం.

“పెట్రోలైతే అవనీ. పేణాలు కాసినావు, ఒప్పుకుంటన్నాను. అయినా దేవుడి హారతి నోటితో ఊదుతావా? సెంపలేసుకో. ఏసుకుంటేగాని కదలనివ్వను.”

వెనక సీట్లో ఒక దేశం రహస్యాలున్నాయి. సోనారిలో విమానం ఇంజను వేడెక్కుతూ ఉంటుంది. సూర్యం విగ్రహం వైపు తిరిగి, కుడిచేత్తో ఎడమ చెంప, ఎడమచేత్తో కుడి చెంప, బుద్ధిగా వేసుకున్నాడు.