బతికున్న పగడాలు

బుద్వేల్ నుంచి ఎయిర్‌పోర్టుకు అరగంట. ఆ అరగంటలో నోరు విప్పకపోతే క్యాబ్ డ్రైవర్ రాఘవేందర్ పని గోవిందా. వెనక సీట్లో కూర్చున్న సాహితి సముద్రజీవుల మీద పరిశోధనకని అండమాన్ వెళ్తోంది. మళ్లీ వచ్చేది రెండేళ్లకే.

ఏడాది కిందట ఎయిర్‌పోర్టులో మొదటిసారి అతని కారెక్కినప్పుడు ఇద్దరికీ గొడవే. ఏసీ ఫుల్‌గా పెట్టాడని క్లాసు పీకింది.

"ఇలాగే భూమి వేడెక్కుతుందండీ. సముద్రం కాగిపోయి పగడాలు తెల్లబడి చచ్చిపోతాయి."

"మేడం, శంషాబాద్‌ల నేను ఏసీ పెడితే అండమాన్‌ల పగడాలు చస్తయా?"

ఆ వెటకారానికి జవాబు బుద్వేల్ వచ్చేదాకా సాగింది. ఆ తర్వాత ఆమె ఎప్పుడు ఊరెళ్లినా అతనికే ఫోన్. ఆ రోజు అతను ఇంకో కిరాయి ఒప్పుకునేవాడు కాదు.

ఇవాళ జోరు వాన. ముందున్న రోడ్డుకన్నా అద్దంలోని ఆమె కళ్లనే ఎక్కువ చూస్తున్నాడు. శంషాబాద్ దాటాక ధైర్యం చేసి ఓ చిన్న డబ్బీ వెనక్కి అందించాడు.

"మీకే మేడం. మీకు పగడాలంటే పాణం గదా."

సాహితి తెరిచింది. ఎర్రటి పగడపు ఉంగరం.

"రాఘవేందర్ గారూ, ఏడాదిగా నేను చెప్పిందంతా ఏ చెవితో విన్నారండీ?"

"ఏమైంది? మంచి రాయే. షాపాయన గ్యారంటీ కార్డు గూడ ఇచ్చిండు."

"రాయి కాదండీ! సముద్రంలో బతికే ప్రాణి ఎముకలాంటిది. చచ్చిన ప్రాణి ఎముకని ముచ్చటగా ప్యాక్ చేయించి తెచ్చారు! ముందు ఇది షాపులో తిరిగిచ్చేయండి."

కుజదోషానికి పంతులుగారు పెట్టుకోమనే రాయికీ, ఈమె చెప్పే పగడానికీ చుట్టరికం ఉందని కొత్తూరులో పుట్టి పెరిగిన రాఘవేందర్‌కి ఎవరు చెప్పారు పాపం!

"నేను ఇనలేదంటరా? ఇనుండ్రి!" అన్నాడు ఉక్రోషంగా. "పగడాల దిబ్బంటే చేపలకు బస్తీ. గవి గుడ్లు పెట్టేది గాడనే, దాక్కునేది గాడనే. పెద్ద అలలొస్తే ఊరి మీద పడకుంట అడ్డం నిలుస్తది. అది పోతే చేపల్లేవు, జాలరోళ్లకు బువ్వ లేదు. కొన్నయితే ఏడాదికి గోరంత గూడ పెరగవు. గిదంతా నాకు యాదున్నది. ఎందుకున్నదో మీకే సమజైతలేదు!"

కారు డిపార్చర్స్ ర్యాంపు ఎక్కి ఆగింది. ఆగీ ఆగకముందే సెక్యూరిటీ ఆయన విజిల్ ఊదుకుంటూ వచ్చాడు.

"ఎందుకు యాదున్నదండీ?" దిగకుండానే అడిగింది సాహితి.

"బండి తియ్యవయ్యా!" అని గద్దించాడు సెక్యూరిటీ ఆయన.

"జర ఆగన్నా, జిందగీ సవాల్!" అని ఆయనకో దండం పెట్టి వెనక్కి తిరిగాడు రాఘవేందర్. "మీరంటే ఇష్టం. లగ్గం చేసుకోవాలనున్నది. రెండేళ్లయినా ఆగుత. కాదంటే సామాన్లు దింపి సప్పుడు చెయ్యకుంట పోత."

సాహితి అతన్ని ఎగాదిగా చూసింది.

"ఈత వచ్చా?"

"రాదు. నీళ్లంటెనే భయం."

"నేనుండేది నీళ్లలోనండీ. బతికున్న పగడాల్ని మీకు చూపించాలంటే ఎలా మరి?"

రాఘవేందర్ వాననీళ్లు కారుతున్న అద్దం వైపోసారి చూశాడు.

"మీరు ఊ అంటే రేపటి సంది నేర్సుకుంట."

ఆమె బ్యాగు భుజాన వేసుకుంది. తలుపు తీసింది. సగం దిగి, వానలో తడుస్తూ నవ్వింది.

"ఊ."

రేపటిదాకా ఎవరాగుతారు? ఆమె సామాన్లు దింపాక రాఘవేందర్ ఇంటికి పోలేదు. తిన్నగా ఓ ఈతకొలను ముందు కారాపి, ఆ వానలోనే గేటు దబదబా బాదాడు.