ట్యాంకు మీద పద్నాలుగు సెకన్లు

"ఒక మనిషిని చంపబోతున్నారు," అన్నాడు చీఫ్. "తుపాకీతో కాదు. వీడియోతో."

ఒంగోలు బైపాస్ పక్కన ఆగిన అంబులెన్స్‌లో బ్రీఫింగ్ జరుగుతోంది. స్ట్రెచర్ మీద కూర్చున్నవాడు ఏజెంట్ 41. అసలు పేరు యల్లయ్య. గూఢచారికి ఈ పేరేమిటని బ్యూరోలో కొత్తగా చేరినవాళ్లు నవ్వుకుంటారు. పదిహేడేళ్లలో ఆ పేరును ఏ శత్రువూ అనుమానించలేదు కాబట్టి అతను మార్చుకోలేదు.

చీఫ్ ఒక ఫొటో ఇచ్చాడు. తెల్ల గడ్డం, టోపీ, నవ్వు ముఖం.

"సైంటిస్టా సార్?"

"వాటర్ ట్యాంక్ ఆపరేటర్. అబ్దుల్ రెహమాన్. మార్కాపురం చివర ఒక కాలనీలో ఇరవై ఏళ్లుగా నీళ్లు వదులుతున్నాడు."

తర్వాతి మాటలు చీఫ్ గబగబా చెప్పాడు. సముద్రం అవతలి నుంచి నడిచే ఆర్కిడ్ అనే ముఠా ఒక ఫేక్ వీడియో చేయిస్తోంది. అందులో రెహమాన్ ట్యాంకు పైకెక్కి డబ్బాతో విషం పోస్తూ కనిపిస్తాడు. ఇవాళ సాయంత్రం ఐదూ నలభైకి అది మూడు వందల వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్తుంది. ఆరు గంటలకు నీళ్లు వదలాలి. ఆ టైముకు కాలనీ అంతా బిందెలతో ట్యాంకు కిందే ఉంటుంది.

"ఆ మనిషి ఆరున్నర దాకా బతకడు. ఆ మంట గిద్దలూరు దాకా పోతుందో, కనిగిరి దాకా పోతుందో నేను చెప్పలేను."

"ఎక్కడ చేస్తున్నారు?"

"మార్కాపురంలోనే. పెళ్లి వీడియోల స్టూడియో. లోపల స్రవంతి అని ఒక ఎడిటర్ ఉంది. మనకు పనిచేస్తుంది. వాళ్లకూ పనిచేస్తుంది. ఈ వారం ఎవరికి పనిచేస్తోందో నాకే తెలియదు. మన పక్షమైతే 'డిస్సాల్వ్ వెయ్యాలా?' అని అడుగుతుంది, షాట్ మెల్లగా కరిగిపోయేట్టు చెయ్యాలా అని. 'వద్దు, స్ట్రెయిట్ కట్' అనాలి నువ్వు. మన టీమ్ శ్రీశైలం ఘాట్‌లో ఉంది. ఆరుకు ముందు రాలేదు."

మారువేషం సులభంగానే కుదిరింది. తెల్ల పంచె, చెవిలో హియరింగ్ ఎయిడ్. అది నిజానికి రిసీవర్. జేబులో పెన్ను. అది కెమెరా. వేషం ఏమిటంటే, కూతురి పెళ్లి వీడియోలో చనిపోయిన భార్యను కలిపించుకోవడానికి వచ్చిన తండ్రి. బ్యూరో ఎవరిదో పెళ్లి ఫుటేజ్ ఇచ్చింది. భార్యగా ఇచ్చిన ఫొటోలో మాత్రం పాతికేళ్ల అమ్మాయి ఉంది. ప్రాప్స్ విభాగాన్ని మనసులో తిట్టుకుని, యల్లయ్య తన పర్సులోంచి తన భార్య వెంకాయమ్మ ఫొటో తీశాడు. మూడేళ్ల క్రితం ఆమె పోయినప్పుడు అతను వేరే దేశంలో వేరే పేరుతో ఉన్నాడు. ఆఖరి చూపు దక్కలేదు. ఆ ఫొటోను పనికి వాడుకుంటున్నందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

స్టూడియో పలకలు కోసే షెడ్డు పక్కన ఉంది. మెట్ల నిండా సన్నని బూడిదరంగు దుమ్ము. కింది గదిలో ఫెబీ కూర్చుంది. గిద్దలూరు అమ్మాయి. మనుషులను ఒక వీడియోలోంచి కత్తిరించి ఇంకో వీడియోలో అతికించడం, అంటే కాంపోజిటింగ్, ఆమె పని. పై గదిలో ఎడిటింగ్. ఆ గది అద్దాల తలుపు ముందు ఇద్దరు లావుపాటి మనుషులు నిలబడి ఉన్నారు. వాళ్ల నడుముల దగ్గర చొక్కాలు ఎత్తుగా ఉన్నాయి.

"పైన సినిమావోళ్లు ఉన్నారు చిన్నాయనా," అంది ఫెబీ. "మీ పని నేను ఇక్కడే చేసిస్తా. ఫొటో ఇయ్యండి."

ఆమె పనిమంతురాలు. గంటసేపట్లో వెంకాయమ్మ పెళ్లిపందిట్లో నిలబడింది. చెయ్యి కొంచెం ఎత్తి, అక్షింతలు వేస్తున్నట్టు. యల్లయ్య తెర వైపు చూడలేక గోడ వైపు చూశాడు.

"చెయ్యి ఇంకా పైకి పెట్టల్నా?"

"పెడితే మళ్లీ మొదటి నుంచి చెయ్యాలేమో కదా తల్లీ."

"ఎందుకు? ఇది లింకులో ఉంది. కింద నేను ఈ షాట్‌లో ఏం మారిస్తే పైన టైమ్‌లైన్‌లో అదే మారిపోతాది. రెండర్ చేసి, అంటే కొత్త ఫైలు చేసి, పంపే పన్లేదు. అందరూ షాట్ అయిపోయినాక రెండర్ చేసి గట్టి చేస్తారు. మేం చెయ్యం. పెళ్లోళ్లు పెన్‌డ్రైవ్ చేతికొచ్చేదాకా ఊరుకోరు. మా పెద్దమామను పెట్టు అంటారు, తాగి ఊగిన చిన్నమామను తీసెయ్ అంటారు. అందుకే ఆఖరి నిమిషం దాకా లింకు తెంపకూడదని మా ఓనర్ రూలు."

యల్లయ్య గోడ మీంచి చూపు తిప్పాడు. "సినిమావాళ్ల షాట్లు కూడా అట్లే ఉన్నాయా?"

"అన్నీ అట్లే. వాళ్లకేం తెలుసు?"

సిటీలో కాంపోజిటర్ పని పూర్తిచేసిన ఫైలే ఎడిటర్‌కు వెళ్తుంది. పైన పని చేయిస్తున్న ఆర్కిడ్ మనిషి అదే అలవాటులో ఉన్నాడు. పైన తలుపు వేసి ఇద్దరిని కాపలా పెట్టాడు. పై కంప్యూటర్‌ను ఫెబీ కంప్యూటర్‌కు కలుపుతూ మెట్ల వెంట దిగిన నీలం వైరును ఎవరూ పట్టించుకోలేదు.

టైమ్ ఐదూ ఇరవై.

"నువ్వు వాళ్లకు చేసిన షాట్ నాకు చూపించు పాపా."

ఆమె అనుమానంగా చూసింది. అయినా చూపించింది. ట్యాంకు పైకప్పు. రెహమాన్ డబ్బా వంచుతున్నాడు. పద్నాలుగు సెకన్లు. ఎక్కడా అతుకు కనిపించదు.

"షార్ట్ ఫిల్మ్ అన్నారు. ముఖం తర్వాత మారుస్తామన్నారు," అంది ఫెబీ.

"మార్చరు."

యల్లయ్య మెల్లగా, నాలుగే వాక్యాల్లో మొత్తం చెప్పాడు. ఫెబీ చెయ్యి మౌస్ మీద నుంచి జారిపోయింది.

"ఆయన కూతురు సాదియా పెళ్లి నేనే తీసినా. పెళ్లిలో ఆయన డ్రమ్ములో షర్బత్ కలుపుతా ఉన్నాడు. ఆ ముక్క కావాలని ఈ సినిమావోళ్లు అడిగితే హార్డ్ డిస్క్‌లోంచి తీసి ఇచ్చినా. తొమ్మిది రోజులు... ఆయన గడ్డం ఒక్కొక్క వెంట్రుకా కత్తిరించినా చిన్నాయనా. నేనే. డిలీట్ చేసేస్తా."

"వద్దు. ఇవాళ ఆపితే రేపు ఇంకోచోట నుంచి వస్తుంది. అసలు ముక్క జనం ముందే చూసేస్తే ఇక వాళ్ల ఫేక్‌ను ఎవడూ నమ్మడు. ట్యాంకు తీసెయ్. పెళ్లి తిరిగి పెట్టు."

ఆమెకు అర్థమైంది. ట్యాంకు లేయర్ ఆపింది. రెహమాన్‌ను కత్తిరించిన మాస్క్ తీసేసింది. షామియానా, రంగుల దీపాలు, డ్రమ్ము చుట్టూ గ్లాసులు పట్టుకుని నవ్వుతున్న ఆడపిల్లలు తెర మీదకు వచ్చారు. సేవ్ నొక్కింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది. సేవ్ గీత సగంలో నిలిచి, మళ్లీ నత్తలా కదిలింది.

పైన తలుపు తెరుచుకుంది. ప్రొడ్యూసర్ అని పిలిపించుకునే ఆర్కిడ్ మనిషి మెట్లు దిగుతున్నాడు. "ఏయ్ అమ్మాయ్, ఫైనల్ అయిపోయింది. నీ సిస్టమ్ ఆపెయ్. పైన బ్యాకప్ చాలటం లేదు."

సేవ్ అయ్యేదాకా అతను ఈ గదిలోకి రాకూడదు. యల్లయ్య మెట్ల మలుపులో అతనికి అడ్డం పడ్డాడు.

"అయ్యా, ఒక్క నిమిషం. నా భార్య చెయ్యి కిందికుంది. సరిచేస్తా ఉంది పాప."

"పక్కకు జరుగు పెద్దాయనా."

"పోయేటప్పుడు నేను లేను అయ్యా. నీళ్లు అడిగిందంట. పక్కింటివాళ్లు పోసినారంట."

ఏడుపు నటించాలనుకున్నాడు. శిక్షణలో నేర్పారు కూడా. కానీ మొదలుపెట్టాక అది నటన కాలేదు. మూడేళ్లుగా రానిది ఇప్పుడు, తుపాకీ ఉన్నవాడి చొక్కా పట్టుకుని నిలబడితే వచ్చింది. ప్రొడ్యూసర్ చిరాకుగా చెయ్యి విదిలించుకున్నాడు కానీ ముందుకు రాలేకపోయాడు.

ఆ మలుపు నుంచి, ప్రొడ్యూసర్ భుజం మీదుగా, అద్దాల తలుపు లోపలి మానిటర్ కనిపిస్తోంది. దాని ముందు స్రవంతి. ఆ దుమ్ము కొంపలో కూడా ఆమె పట్టుచీర నలగలేదు, నల్లద్దాలు తలమీద నుంచి జారలేదు. ఆమె కళ్లముందే టైమ్‌లైన్ ఒక్కసారి ఆగి మెరిసింది. ఆఖరి షాట్‌లో ట్యాంకు మాయమైంది. షామియానా వచ్చింది.

ఆమె చూసింది. తర్వాత అద్దంలోంచి యల్లయ్యను చూసింది. ఆ చూపులో ఏముందో పదిహేడేళ్ల సర్వీసు కూడా అతనికి చెప్పలేకపోయింది. ఆమె నోరు తెరిస్తే ఫెబీ బతకదు, తను బతకడు, రెహమాన్ అసలే బతకడు.

"మేడమ్, ఓకేనా?" ప్రొడ్యూసర్ కింద నుంచే అరిచాడు. "టైమ్ అయిపోతోంది."

"ఆఖర్లో డిస్సాల్వ్ వెయ్యాలా?" అంది స్రవంతి.

"వద్దమ్మా," అన్నాడు యల్లయ్య ఏడుస్తూనే. "స్ట్రెయిట్ కట్."

"ముసలాయనకు పిచ్చెక్కింది," అన్నాడు ప్రొడ్యూసర్. "ఎట్లైనా సరే, పంపెయ్యండి మేడమ్."

స్రవంతి ఎక్స్‌పోర్ట్ నొక్కింది. తర్వాత అప్‌లోడ్. ఐదూ ముప్పైతొమ్మిది. మూడు వందల గ్రూపుల్లోకి ఒకేసారి వెళ్లిపోయింది. తర్వాత ఆమె ఫోన్ మాట్లాడుతున్నట్టు వెనక మెట్లు దిగి వెళ్లింది. టీమ్ ఆరుకు వచ్చి ముగ్గురిని పట్టుకుంది. ఆమె కారు మాత్రం ఎవరికీ దొరకలేదు.

యల్లయ్య అప్పటికే ట్యాంకు దారిలో ఉన్నాడు.

ఆర్కిడ్ ముందే నేల దున్నిపెట్టింది. పొద్దుట్నుంచి ఆడియో మెసేజ్‌లు తిరుగుతున్నాయి. నీళ్లు తాగొద్దు, వీడియో వస్తుంది, చూడండి అని. ట్యాంకు కింద నలభై మంది ఉన్నారు. సగం మంది చేతుల్లో బిందెలు లేవు. కర్రలున్నాయి, ఇనుప రాడ్లున్నాయి, ఒకడి చేతిలో పలకరాయి ముక్క. రెహమాన్ పంపు గదిలో గడియ పెట్టుకుని ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా ఆయన్ను భాయ్ అని పిలిచినవాళ్లే ఆ తలుపును తంతున్నారు.

"వచ్చింది, వచ్చింది," అన్నారెవరో.

నలభై ఫోన్లు. ముందు ఎర్ర అక్షరాలు: మీ నీళ్లలో వీడు ఏం కలుపుతున్నాడో చూడండి. గుండెలదిరే సంగీతం. తర్వాత పద్నాలుగు సెకన్ల పాటు అబ్దుల్ రెహమాన్ కూతురి పెళ్లిలో, నవ్వుతూ, డ్రమ్ములో గులాబీరంగు షర్బత్ పోశాడు.

ఒకడు మళ్లీ మొదటి నుంచి పెట్టి చూశాడు.

"ఇది సాదియా పెళ్లి కదా," అంది ఒక ముసలామె, అంకాలమ్మ. "ఇదిగో, ఈ పక్కన గ్లాసు పట్టుకున్నది నేనే."

ఎవడో నవ్వాడు. ఆ నవ్వు పాకింది. పలకరాయి ముక్క పట్టుకున్నవాడు దాన్ని కాలవలోకి జారవిడిచి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. ఎవరూ క్షమించమనలేదు. చేసిందేముందని? ఇంకా ఏమీ చెయ్యలేదు కదా. ఆడియో ఏమందో, వీడియో ఏమందో మాట్లాడుకుంటూ బిందెల కోసం ఇళ్లకు పోయారు. పోతూ ఒకాయన తలుపు తట్టి, "నీళ్లు ఎప్పుడు ఇడుస్తావు భాయ్?" అని మామూలుగా అడిగాడు.

రెహమాన్ బయటికి వచ్చాడు. వాల్వు చక్రం ఆయన ఒక్కడి చేతిలో తిరగకపోతే యల్లయ్య కూడా పట్టి తిప్పాడు. పైపులో నీళ్లు ఉరికిన చప్పుడు వినిపించింది. అయినా యల్లయ్య మనసు కుదుటపడలేదు. ఆ తలుపు మీద పడిన సొట్టలు లింకులో పెట్టి మార్చేవి కావు.

ఇంతలో ఎవరో రెహమాన్‌కు వీడియో చూపించారు. భయం పోయి కోపం వచ్చింది ఆయనకు.

"మా పాప పెళ్లి వీడియో నన్ను అడక్కుండా ఊరంతా పంచినారు చూడన్నా. ఏంది ఈ అన్యాయం? కేసు పెడతా. ఎవరి పేరు రాయల్ల చెప్పు."

యల్లయ్య బిందెలతో లైన్లో నిలబడ్డ నలభై మందిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు.

"కష్టం భాయ్," అన్నాడు. "ఫారంలో ఒక్క పేరుకే చోటుంటుంది."