ఒకే రకం సీసాలు

శనివారం పొద్దున టీ గుక్క నోట్లో పడగానే అక్క మొహం వికారంగా పెట్టింది. చక్కెర బదులు ఉప్పు పడింది.

"ఎవర్రా ఈ టీ పెట్టింది?"

"నేనే," అన్నాడు తమ్ముడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా. "నిద్రమత్తులో చూసుకోలేదులే. ఇలా ఇవ్వు, మళ్ళీ పెడతాను."

అమ్మ కిటికీ పక్క కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అక్కకు అదే వింతగా తోచింది. వంటింట్లో ఇంకొకరు గరిటె ముట్టుకుంటే అమ్మ ఊరుకునేది కాదు. అలాంటి మనిషి ఇవాళ చుట్టపుచూపుగా వచ్చినట్టు కూర్చుంది.

అక్కది కన్సల్టింగ్ కంపెనీలో ఉద్యోగం. ఇతరుల కంపెనీల్లో ఎక్కడ తప్పు జరుగుతోందో కనిపెట్టి, ఎలా దిద్దుకోవాలో చెప్పడం ఆమె పని. తమ్ముడు ఆమెకు సలహాలమ్మ అని పేరు పెట్టాడు. ఆ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం. కొన్నాళ్ళు సిమెంటు ఫ్యాక్టరీ, కొన్నాళ్ళు ఆసుపత్రి, ఆ తర్వాత ఓడరేవు. తల నెరిసిన మేనేజర్లు ఆమె చెబుతుంటే రాసుకుంటారు. ఇంకోచోట తల పండేదాకా పనిచేసినా దొరకని అనుభవం ఇక్కడ ఇట్టే దొరికింది. జీతం సంగతి సరేసరి, ఈ ఇల్లు దాంతో కొన్నదే. కాకపోతే సోమవారం తెల్లారేసరికి పెట్టె పట్టుకుని బయలుదేరాలి. రిపోర్టు ఇచ్చిన చోటి మొహం మళ్ళీ చూసే పని ఉండదు. ఆమె మాట విన్న సిమెంటు ఫ్యాక్టరీ బాగుపడిందో, మూతపడిందో ఆమెకు ఈ రోజుకీ తెలియదు.

కిందటి నెల వచ్చినప్పుడు ఆ తప్పులు పట్టే కన్ను ఇంటి మీదే పడింది. వంటింట్లో సొట్టలు పడ్డ డబ్బాలు, బిగుసుకుపోయిన మూతలు, పొంతన లేని గిన్నెలు. ఆదివారమంతా కూర్చుని పాతవన్నీ బయట పారేసింది. ఒకే రకం గాజు సీసాలు తెప్పించి, పేర్లు అచ్చువేసిన కాగితాలు అంటించి అరల్లో సర్దింది. ఫోటో చూసి ఆఫీసులో అందరూ ముచ్చటపడ్డారు. అమ్మ ఏమనుకుందో అడిగే లోపే సోమవారం వచ్చేసింది.

మధ్యాహ్నం తమ్ముడు బయటి నుంచి భోజనం పొట్లాలు తేవడం చూసి అక్కకు ఒళ్ళు మండింది.

"రోజూ ఇదేనా? వంటమనిషిని పెడదాం. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి వచ్చి వెళ్తుంది. అమ్మ కాసేపు నడవొచ్చు, పుస్తకాలు చదువుకోవచ్చు..."

"మొదలుపెట్టావా? నీ సలహాలకో దణ్ణం."

"నీకెలాగూ తోచదు, నేను చెబితే గిట్టదు. బయట ఎంతమంది వింటారో తెలుసా నా మాట?"

"వింటారు. విన్నాక ఏమైందో చూడ్డానికి నువ్వుంటావా?" తమ్ముడి గొంతు పెరిగింది. "సోమవారం చక్కా పోతావు. ఆ తర్వాత ఇక్కడ ఏం జరుగుతోందో నీకేం తెలుసు? అమ్మకు కళ్ళు కనబడటం లేదక్కా."

"ఒరేయ్, ఊరుకో," అంది అమ్మ.

"ఎందుకూరుకోవాలి? ఏడాదిగా పోతూనే ఉంది చూపు. కంటి నరం దెబ్బతింది, పోయింది ఇక రాదన్నారు. పక్కనున్నవేవీ కనబడవు. ఎదురుగా ఉన్న మనిషి మొహం కాస్త ఆనుతుంది, అక్షరాలు అసలే ఆనవు. అయినా ఒక్క పూట వంట మానలేదు. సొట్ట డబ్బాలో ఉప్పు, మూత బిగుసుకున్నదాంట్లో చక్కెర. అన్నీ తడుముకునే చేసేది. నువ్వొచ్చి అన్నీ ఒకే రకం చేసి పోయావు. అప్పట్నుంచి వంటింట్లో అడుగుపెట్టలేదు. ఆ టీ నేను పెట్టలేదు. నువ్వొచ్చావని ఇన్నాళ్ళకు అమ్మే పెట్టింది."

అక్కకు గుర్తొచ్చింది. ఆ ఆదివారం "ఆ డబ్బా ఒక్కటీ ఉండనీవే" అని అమ్మ రెండుసార్లు బతిమాలింది. తను నవ్వి, దాన్నే ముందు పారేసింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా? కన్నకూతుర్ని కానా?"

"చెప్పాలనే అనుకున్నాను. చెబితే నన్ను కూడా సర్దేస్తావని భయమేసిందే. వంట వద్దంటావు, నర్సును పెడతావు, అన్నీ అమర్చి వెళ్ళిపోతావు. నీ మాట కాదనలేను. నువ్వు చెప్పేదెప్పుడూ సబబుగానే ఉంటుంది మరి."

అక్క అమ్మ మోకాళ్ళ మీద తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది. ఏడుస్తూనే ఏ డాక్టరుకు ఫోన్ చెయ్యాలా అని లోపల లెక్కలు వేసుకుంటోంది. అది గమనించుకుని తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆదివారం పై అధికారికి ఫోన్ చేసి, ఈ వారం రాలేనంది. మర్నాడే ఆమెకు సొంత టీమును అప్పగించాల్సి ఉంది. "అయితే ఇంకొకరికి ఇచ్చేయాల్సి వస్తుంది," అన్నాడాయన. ఆ టీము కోసం ఆమె ఏళ్ళ తరబడి కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది. "ఇచ్చేయండి," అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు గది బయటికి రాలేదు.

మంగళవారం అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. అక్క గుమ్మంలో నిలబడింది. అమ్మ ఒక్కో సీసా మూత తీసి, వాసనో రుచో చూసి, గట్టు మీద తనకు వీలైన చోట పెట్టుకుంటోంది. పప్పు సీసా చేతిలోంచి జారి భళ్ళున పగిలింది. అక్క ఒక్క ఉదుటున ముందుకు రాబోయింది.

"రాకు! పెంకులు గుచ్చుకుంటాయి," అని అరిచింది అమ్మ.

అక్క ఆగిపోయింది. ఏం చెయ్యాలో పది మార్గాలు నాలుక చివరిదాకా వచ్చాయి. అన్నీ మింగేసి, "ఏం చెయ్యమంటావమ్మా?" అని అడిగింది.

"చెప్పులేసుకుని చీపురు పట్టుకురా. ఊడ్చేసి పక్కన కూర్చో. ఏం చెప్పకు."

ఊడ్చేసి, పక్కన పీట మీద కూర్చుంది. అమ్మ కూరగాయలు తరగసాగింది. కాసేపటికి, "ఉన్నావా?" అంది.

"ఉన్నానమ్మా."

కొంతసేపయ్యాక మళ్ళీ అడిగింది. అక్క మళ్ళీ చెప్పింది. మూడోసారి అడిగేసరికి అక్క పీట మీంచి లేచింది. గట్టుకు అటువైపు, అమ్మ కళ్ళకు ఆనేలా ఎదురుగా నిలబడింది.