డ్రైవరుగారు ఎంచిన మానిటర్

సిటీ బస్సు డ్రైవరుకి వారంలో ఒక్కరోజే సెలవు. ఆ ఒక్కరోజూ ఆ ఇంట్లో పండగలాగే ఉంటుంది, కాకపోతే కొంచెం గొడవ ఎక్కువ. ఆ పొద్దున్న ఎనిమిది దాటినా డ్రైవరుగారు యూనిఫాం జోలికి పోలేదు. ముందుగదిలో ఆయన భార్య కుట్టుమిషను అప్పుడే టకటకలాడుతోంది. బల్ల మీద కూతురు ఒక కాగితం పరుచుకుని, రాసినదాన్ని కొట్టేసి మళ్ళీ రాస్తోంది. అసలు పేరుతో ఆ పిల్లని పిలిచేది కాలేజీలోనే, ఇంట్లో మాత్రం పిడుగు.

"అమ్మా, నీ టేపు ఒకసారి ఇవ్వవా?" అంది పిడుగు.

"దేనికి?"

"గోడ కొలవాలి. మానిటర్ పడుతుందో లేదో చూడాలి."

తల్లి మెడలోంచి టేపు తీసి, తనే లేచి వచ్చింది. టేపు ఇంకొకళ్ళ చేతికి ఇవ్వడం ఆవిడకి అలవాటు లేదు. "ఎన్ని అంగుళాలు?"

"ముప్పై నాలుగు. అయితే అది అడ్డంగా కొలిచింది కాదమ్మా. మానిటర్ని మూల నుంచి మూలకి కొలుస్తారు."

"మూల నుంచి మూలకా! అలా కొలిచి నేను చొక్కా కుడితే వేసుకునేవాడు పోలీసుల దగ్గరికి పోతాడు," అంది తల్లి. "రెండు గదుల కొంపకి ముప్పై నాలుగు అంగుళాలు! తా దూర కంత లేదు, మెడకో డోలట."

డ్రైవరుగారు పేపరు వెనకాల నవ్వుకున్నారు. ఈ కంప్యూటర్ సంగతి రెండేళ్ళుగా నలుగుతోంది. పిడుగు వీధిలో పిల్లలకి లెక్కలు చెప్పి సగం కూడబెట్టింది. మిగతా సగం తను వేస్తానని ఆయన మాటిచ్చారు. ఆటలాడే కంప్యూటరంటే మామూలు దానికన్నా ఎక్కువే అవుతుంది, అయినా ఆయనకి అందులో వాటా ఉంది మరి. సాయంత్రం డ్యూటీ దిగొచ్చి తండ్రీ కూతురూ పగిలిన ఫోన్లో పోటీలు పడి బస్సులు నడిపేవాళ్ళు. "పగలంతా బస్సు, ఇంటికొచ్చీ బస్సేనా, ఏవండీ?" అని ఆవిడ మొత్తుకునేది. అరచేతిలో పట్టే ఫోన్లో బొటనవేళ్ళతో కాకుండా, వెడల్పాటి తెర ముందు, చేతిలో స్టీరింగ్ పట్టుకుని ఆడాలని ఆశ పుట్టించింది అసలు ఆయనే.

"పిండి కొద్దీ రొట్టె అని తెలుసు నాన్నా," అంది పిడుగు కాగితం చూపిస్తూ. "అందుకే గ్రాఫిక్స్ కార్డు వాడినది తీసుకుంటున్నా. కేసు, అదే పైడబ్బా, అన్నిటికన్నా చవకది. లోపల రంగురంగుల లైట్లేమీ వద్దు. మిగిలిందంతా మానిటర్ మీద పెడదాం. బొమ్మ కనబడేది అందులోనేగా."

"అంతేగా మరి," అన్నారాయన. ఆ మాట ఆయన గొంతులో కొంచెం పీలగా వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు.

కంప్యూటర్లు బిగించి అమ్మే షాపు నాలుగు స్టాపుల అవతల ఉంది. తండ్రీ కూతురూ అక్కడికి వెళ్ళారు. షాపతను పిడుగు కాగితం చదివి కళ్ళెగరేశాడు.

"ఎవరు రాశారమ్మా ఇది? నా దగ్గరికొచ్చే వాళ్ళంతా డబ్బులన్నీ కార్డు మీద కుమ్మరించి, చివర్లో ఇంట్లో ఉన్న పాత మానిటర్ తగిలిస్తారు. నువ్వు తెలివైనదానివి." అని లోపల్నుంచి ఒక వెడల్పాటి మానిటర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎవరో ఆర్డరిచ్చి తీసుకోకుండా వదిలేశారట. ధర బాగా తగ్గించి ఇస్తానన్నాడు. బల్లంతా అదే పరుచుకుంది. పిడుగు దాన్ని చూసిన చూపు, అంగట్లో గౌను చూసిన చిన్నపిల్ల చూపే.

"ముందు నాన్న ఆడాలి," అంది.

షాపతను స్టీరింగ్ తగిలించి, ఊళ్ళో బస్సు నడిపే ఆట పెట్టాడు. డ్రైవరుగారు కుర్చీ సర్దుకుని, లేని అద్దాన్ని సరిచేసుకోబోయి సిగ్గుపడి నవ్వారు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఒక్క మనిషికి కూడా బస్సు తగిలించని డ్రైవరు ఆయన. గోడ మీద మెచ్చుకోలు పత్రాలు మూడున్నాయి.

ఆట మొదలైన రెండో నిమిషంలో ఒక ముసలాయన్ని గుద్దేశారు. ఇంకో వీధిలో సైకిలు. తర్వాత స్టాపు దగ్గర స్కూలు సంచీతో ఒక చిన్నపిల్ల.

"అయ్యో, నాన్నా!" అని పిడుగు పడీ పడీ నవ్వింది.

ఆట ముగిశాక తెర మీద లెక్క వచ్చింది. షాపతను పైకి చదివాడు: "ప్రమాదాలు మూడు. మూడూ ఎడమ పక్కే. ఏం సార్, ఎడమ పక్క వాళ్ళతో మీకు పాత పగలేమైనా ఉన్నాయా?"

డ్రైవరుగారు నవ్వలేదు. తెర మీద బస్సు గుద్దిన ఆ పిల్ల లేచి, సంచీ తగిలించుకుని, ఏమీ కానట్టు నడిచిపోతోంది. ఆయన దాన్నే చూస్తున్నారు. "స్క్రీన్ బాగాలేదు," అన్నారు. "ఆ మూలనున్న చిన్నది పెట్టు."

అది పందొమ్మిది అంగుళాల మానిటర్, ఏదో ఆఫీసు వాళ్ళు వదిలించుకున్న సరుకు. దాని మీద ఆయన పావుగంట నడిపినా బస్సుకి ఒక్క గీత పడలేదు.

"ఇదే తీసుకుందాం," అన్నారు లేస్తూ.

పిడుగు మొహంలో నవ్వు ఆరిపోయింది. "నాన్నా, అది చాలా పాతది. బొమ్మ దాంట్లో వెలిసిపోయినట్టు ఉంటుంది. పైగా మన బడ్జెట్లోనే వస్తోంది కదా పెద్దది!"

"చిన్నదే అన్నానా! లేకపోతే అసలేమీ వద్దు."

ఇద్దరూ ఇంటికొచ్చారు. చేతిలో కంప్యూటరూ లేదు, మానిటరూ లేదు. గుమ్మంలో చెప్పులు విసిరిన చప్పుడుకే తల్లికి సగం సంగతి అర్థమైంది.

"ఏమైందే?"

"ఆయన్నే అడుగు," అంది పిడుగు. కన్నీళ్ళు ఆపుకుంటున్న గొంతు అది. "రెండేళ్ళు ఆశపెట్టి, తీరా షాపులో నా పరువు తీశారు. సగం నా డబ్బేగా! ఇవ్వడం ఇష్టం లేకపోతే ముందే చెప్పొచ్చుగా."

"ఇదేంటండీ?" అంది ఆవిడ. నేను వద్దన్నప్పుడు మీరేగా దాన్ని వెనకేసుకొచ్చిందన్నట్టు చూసింది.

"ఆ పెద్దది పనికిరాదు. కంటికి కష్టం," అన్నారాయన.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది!" పిడుగు గొంతు లేచింది. "మూడుసార్లు గుద్దావు, అందుకే నీకు నామోషీ. అంత పెద్ద తెర మీద ఎడమ పక్క అంతమంది మనుషులుంటే నీకు కనబడనే లేదా?"

ఆ మాటకి ఆయన అరిచి ఉంటే బాగుండేది. కసిరినా బాగుండేది. కుర్చీలో కూలబడ్డారు. 

 చిన్న తెర మీద పావుగంట ఒక్క గీత పడలేదని పిడుగుకి అప్పుడు గుర్తొచ్చింది. తల తిప్పకుండా ఎదురుగా చూసినా ఆ తెర మొత్తం కంటికి ఆనుతుంది, పెద్దదాని పక్కలు ఆనవు. 

తల్లి మిషను దగ్గర్నుంచి లేచింది. వచ్చి భర్తకి ఎడమ పక్కన, జానెడు దూరంలో నిలబడి చెయ్యెత్తింది. "తల తిప్పకండి. ఎదురుగా గోడ గడియారమే చూడండి. ఎన్ని వేళ్ళు?"

ఆయన గడియారం వైపే చూస్తున్నారు.

"ఏవండీ, ఎన్ని?"

"నువ్వు చెయ్యెత్తావా?" అన్నారాయన మెల్లగా.

ఆవిడ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

అప్పుడు బయటపెట్టారాయన. ఆరు నెలలైందట. ఎడమ కంట్లో ఒత్తిడి పెరిగి, పక్కచూపు అంచుల నుంచి లోపలికి మూసుకుపోతూ వచ్చిందని కళ్ళ డాక్టరు చెప్పాడట. పోయింది తిరిగి రాదు, చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది, బస్సు మాత్రం నడపొద్దన్నాడట. చుక్కల సీసా డిపోలో పెట్టుకుని అక్కడే వేసుకుంటున్నారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"మరి డిపోలో పరీక్షలు చెయ్యరా?" అంది పిడుగు.

"అక్షరాల బోర్డు చదివిస్తారు. ఎదురుగా ఉంటుందిగా, గడగడా చదివేశాను."

"ఆ బస్సులో ఎక్కేది, ఆ రోడ్డు మీద నడిచేది ఎవరి పిల్లలనుకున్నారండీ?" అంది భార్య. అంత నెమ్మదిగా ఆవిడ మాట్లాడటం పిడుగు ఎప్పుడూ వినలేదు. "రేపు మీ మొదటి ట్రిప్పు ఏది?"

"ఆరూ నలభై. స్కూళ్ళ రూటు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకో పద్దెనిమిది నెలలుంది సర్వీసు," అన్నారాయన. "ఎలాగోలా లాగేద్దామనుకున్నాను. పోయిన వారం స్టాపు దగ్గర ఎడమ పక్క నుంచి ఒక పిల్ల రోడ్డు మీదకి దిగింది. నేను చూళ్ళేదు. బస్సులో వాళ్ళు కేకలేస్తే బ్రేకు తొక్కాను. జానెడు. జానెడు దూరంలో ఆగింది. అప్పట్నుంచి కంటికి కునుకు లేదు." ఆయన కూతురి వైపు తిరిగారు. "ఇవాళ ఆ ఆటలో పిల్ల లేచి వెళ్ళిపోయింది చూశావా పిడుగూ. అది లేచి వెళ్ళిపోతుంటే..."

ఆయన చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేశారు. ఇరవై ఏళ్ళలో తండ్రి ఏడవడం పిడుగు చూడలేదు. వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది.

"నా చదువు కోసమా నాన్నా? నా కంప్యూటర్ కోసమా ఇదంతా?"

"నీ కోసమనే నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకుంటే తేలిగ్గా ఉండేది," అన్నారాయన. "నిజం అది కాదమ్మా. డ్రైవరుగారూ అని వీధంతా పిలుస్తుంది. బస్సు దిగేస్తే నన్నేమని పిలుస్తారో నాకు తెలీలేదు. భయమేసింది."

"నాన్నా అని పిలుస్తాం," అంది పిడుగు వెక్కుతూ. "ఇన్నాళ్ళూ ఏమని పిలిచాం?"

మర్నాడు తెల్లారగానే ముగ్గురూ డిపోకి వెళ్ళారు. యూనిఫాం వేసుకోవాలా వద్దా అని ఆయన కాసేపు తటపటాయిస్తే, భార్యే ఇస్త్రీ చేసి ఇచ్చింది. "ఇన్నేళ్ళు వేసుకున్న చొక్కా. చెప్పేటప్పుడు కూడా దాంతోనే చెప్పండి," అంది.

మేనేజరు నమ్మలేదు. "మొన్ననే బోర్డంతా చదివావు కదయ్యా. నీ కళ్ళకేం?"

"ఎదురుగా ఉన్నది చదివాను సార్," అన్నారు డ్రైవరుగారు. "రోడ్డు మీద మనుషులు ఎదురుగా మాత్రమే ఉండరు. ఆరు నెలలు దాచాను. తప్పు చేశాను. ఆరూ నలభై బండి ఇంకెవరికైనా ఇవ్వండి."

 మేనేజరు ఫోనెత్తి వేరే డ్రైవర్ని పిలిచాడు. ఇంత దాచినందుకు విచారణ తప్పదన్నాడు. అది ముగిశాక కొత్తవాళ్ళకి నేర్పే పనేదైనా ఉంటుందేమో పైవాళ్ళతో మాట్లాడతానని, జీతం మాత్రం తగ్గుతుందని కూడా చెప్పాడు. ఆయన అన్నిటికీ తలూపి, సంతకం పెట్టి బయటికొచ్చారు.

ఇంటికి వెళ్ళడానికి బస్సెక్కారు. ఆ బస్సు నడిపే కుర్రడ్రైవరు ఆయన శిష్యుడే, లేచి నమస్కారం పెట్టబోయాడు. "రోడ్డు చూడు ముందు," అని కసిరి ఆయన మూడో వరసలో కిటికీ పక్కన కూర్చున్నారు.

"నాన్నా, ఆ చిన్న మానిటరే తీసుకుందాం," అంది పిడుగు వెనక సీట్లోంచి ముందుకి వంగి. "ఇద్దరం ఆడుకోవచ్చు. ఖర్చూ తగ్గుతుంది."

"వద్దు. పెద్దదే. నీ సగం నీది, ముందు దాంతో మానిటర్ కొనుక్కో. నా సగం కొంచెం ఆలస్యంగా ఇస్తాను."

"మరి నువ్వెలా ఆడతావు?"

"తల తిప్పి చూస్తాను," అన్నారాయన. "అలా తిప్పి చూస్తే ఎవరైనా కనిపెడతారనే కదా, సిగ్గుపడి ఇంతదాకా తెచ్చుకున్నాను."

బస్సు ఒక స్టాపులో ఆగింది. ఆయన కుడికాలు తనంతట తనే, బ్రేకు తొక్కినట్టు నేలని నొక్కింది. బడిపిల్లలు బిలబిలమని ఎక్కారు, ఒకర్నొకరు తోసుకుంటూ, అరుచుకుంటూ. ఆయన తల పూర్తిగా ఎడమకి తిప్పి, ఆఖరి పిల్ల మెట్టెక్కేదాకా చూశారు. బస్సు కదిలింది. మెల్లగా ఆయన కాలు వదులైంది. వెనక్కి ఆనుకున్నారు.

"ఏమండీ, అలా ఉన్నారేం?" అంది భార్య కంగారుగా.

"ఏం లేదే," అన్నారాయన. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "బస్సులో భయం లేకుండా కూర్చుని ఆరు నెలలైంది."