గడప దగ్గర చెప్పిన మాట

ఆ పొద్దున మత్తిగిరిలో రామకృష్ణప్ప ఇంట్లో ఉప్మా చల్లారిపోతున్నా ఎవరూ ముట్టుకోలేదు. పది గంటలకు కూతురు భువనకు హోసూరులో ఒక స్కూల్లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఈసారీ రాకపోతే తమ గులాబీలు కట్టలు కట్టే షెడ్డులో కూర్చోబెడతానని తండ్రి ముందే తేల్చి చెప్పేశాడు. ఆ పిల్లకేమో బడి తప్ప ఇంకో ధ్యాస లేదు.

"ఇంకొక్కసారి చెప్పు," అంది వదిన రశ్మి. ఢిల్లీలో పుట్టి పెరిగిన మనిషి. కొన్నాళ్లుగా ఆడపడుచుకు తనే తర్ఫీదు ఇస్తోంది.

"ఐ రోట్ మై బీఏ ఎగ్జామ్స్ ఇన్ కృష్ణగిరి..."

"మళ్లీ రోట్ అన్నావా! పరీక్షలకు టుక్ అనాలి భువనా. రోట్ అంటే నవ్వుతారు."

"పూణేలో ఉండే తిలకన్న గేవ్ అంటాడు. మా కాలేజీ మేడమ్ రోట్ అనే చెప్పింది. ఎవరి మాట వినాల వదినా? పోయినసారి ఇవన్నీ తల్చుకోనే నోరు పెగల్లేదు. జవాబు తెలిసీ గమ్మున కూర్చోని వచ్చినాను."

"అట్లయితే పోవద్దులేమ్మా," అన్నాడు రామకృష్ణప్ప. "నలుగుర్లో నగుబాటు యాల? షెడ్డు ఉండాది కదా."

భువన లేచి నిలబడింది. "పోతాను నాయనా. నాకొచ్చిన మాటతోనే పోతాను. నవ్వితే నవ్వనీ."

రశ్మికి చురుక్కుమంది. "అయితే నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరేనా?"

"నీ కష్టం కాదనను వదినా. నువ్వు ఈ ఇంటికొచ్చిన రోజు గడప కాడ ఏం జరిగిందో మర్చిపోయినావా?"

ఎలా మర్చిపోతుంది? కొత్త కోడలు మొగుడి పేరు చెప్పందే గడప దాటనివ్వరు. వచ్చీరాని తెలుగులో "తిలక్, నేను వచ్చాడు" అంది రశ్మి. ముత్తైదువలు పగలబడి నవ్వారు. సరిగ్గా చెప్పమని మళ్లీ మళ్లీ చెప్పించారు. పెళ్లికూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు భువనే ముందుకొచ్చి, "ఎట్ల చెప్పినా మా అన్న పేరే కదా! లోపలికి రానీండి" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

ఇప్పుడు రశ్మికి తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ తను నిలబడింది ఆ నవ్విన ఆడవాళ్ల పక్కన. సిగ్గుతో, ప్రేమతో గుండె నిండిపోయింది. భువన సంచీ తగిలించుకుని గుమ్మం చేరేసరికి, పరుగున వెళ్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పి పో."

"ఏం చెప్పాల?"

"నీ మాట. నీకొచ్చినట్టే."

భువన వదిన కళ్లలోకి చూసింది. "ఐ రోట్ మై బీఏ ఎగ్జామ్స్ ఇన్ కృష్ణగిరి. అండ్ ఐ పాస్డ్ ఇన్ ఫస్ట్ క్లాస్."

గొంతు ఎక్కడా తడబడలేదు. రశ్మి కళ్లు తుడుచుకుంటూ చెయ్యి తీసేసింది.

వెనక నుంచి బండి తాళం చప్పుడైంది.

"రామ్మా," అన్నాడు రామకృష్ణప్ప, చెప్పులు వేసుకుంటూ. "స్కూలు కాడ దించేసి వస్తాను."