చూసినవాళ్ల ముఖాలు

ఆదివారం సాయంత్రం ఐదు కాకముందే జగ్గయ్యపేట మీద మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. వంటింట్లో కుర్చీ వేసుకుని లూర్దమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ముందుగదిలో ఆవిడ కూతురు మెర్లిన్ మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఫోన్‌లో కొత్త సోషల్ నెట్‌వర్క్ తెరిచింది. మెర్లిన్ వత్సవాయి స్కూల్లో లెక్కల టీచరు. అందరూ ఉన్న పాత నెట్‌వర్క్ వదిలేసి, ఎవరూ లేని ఇందులో చేరి మూడు రోజులైంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని స్టాఫ్‌రూమ్‌లో నవ్వారు. నవ్వుకోనీ, వాళ్ల సొమ్మేం పోయింది.

ఆమె ఊరికే వదల్లేదు. ఐదు నెలల కిందట తమ్ముడు రూబెన్ నందిగామ నుంచి బండి మీద వెళుతుంటే కీసర వంతెన మీద లారీ కొట్టింది. రోడ్డు మీద పడి పద్దెనిమిది నిమిషాలు బతికే ఉన్నాడు. జనం చుట్టూ మూగారు, ఫోన్లు తీశారు. వాడు చెయ్యి పైకెత్తి అడుగుతూనే ఉన్నాడు. ఒక్కడూ అందుకోలేదు.

ఆ వీడియోని నందిగామ వార్తల పేజీ ఒకటి పెట్టింది. నాలుగు లక్షలమంది చూశారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు, పేజీ నడిపే కిషోర్‌బాబు మధ్యలో చీరల షాపు ప్రకటన కూడా వేసుకున్నాడు. తీసెయ్యమని మెర్లిన్ ఫోన్ చేస్తే, "అవేర్‌నెస్ కోసమేనండి" అన్నాడు. నెట్‌వర్క్‌కి పదకొండుసార్లు ఫిర్యాదు చేసింది. మా నిబంధనలకు విరుద్ధంగా ఏమీ లేదని పదకొండుసార్లూ ఒకటే జవాబు. రాసినవాడెవడో కనిపిస్తే చెంప పగలగొట్టేది. అసలు మనిషంటూ రాస్తే కదా.

ఆమెకు కావలసింది ఒకటే. ఆ రోజు నిలబడి చూసినవాళ్లెవరో తెలియాలి. వీడియోలో రూబెన్ తప్ప వాళ్లెవరూ కనిపించరు. తెలిస్తే ఒక్కొక్కరి గుమ్మంలో నిలబడి, ఎందుకు చూశావని అడుగుతుంది. అప్పటిదాకా ఈ మంట చల్లారదు.

కొత్త నెట్‌వర్క్ చూపించింది తోటి టీచరు నవీన్‌బాబు. "ఏం చూడాలో ఇక్కడ మనకెవరూ వడ్డించరు మేడం. నచ్చినవాళ్లొకరిని ఫాలో అవ్వండి. వాళ్లు ఎవరెవర్ని ఫాలో అవుతున్నారో చూడండి. అలా పట్టుకుంటూ పోవాలి" అని చెప్పాడు.

మెర్లిన్ అలాగే పట్టుకుంటూ పోయింది. మొదట లెక్కల పజిల్స్ పెట్టే మాస్టారు దొరికాడు. ఆయన ఫాలో అయ్యేవాళ్లలో మైలవరం చెరువు మీద పిట్టల్ని ఫోటోలు తీసే ఒకావిడ ఉంది. ఆవిడ జాబితాలో అన్నిటికన్నా కింద, పేరు లేని ఖాతా ఒకటి కనిపించింది.

అందులో అన్నీ ఫోటోలే. ప్రతి ఫోటో కింద టైము తప్ప ఒక్క మాట లేదు. అన్నీ నేల మీద పడుకుని పైకి తీసినట్టున్నాయి. ఆకాశం, వంతెన మీది లైటు స్తంభం, వంగి చూస్తున్న ఒక ముఖం, ఆ ముఖానికి అడ్డంగా ఫోన్. సాయంత్రం 5.12. తర్వాత ఇంకో ముఖం. 5.13. మూడో ముఖం కిషోర్‌బాబుది, వార్తల పేజీ మీద రోజూ కనిపించేదే.

అది కీసర వంతెన. అది ఆ సాయంత్రం.

"దొరికార్రా" అంది మెర్లిన్ పళ్లు కొరుకుతూ. భయం కన్నా ముందు సంతోషమే వచ్చింది. గబగబా స్క్రీన్‌షాట్లు తీసింది. పది ముఖాలు తీశాక గాని, ఇవెవరు తీశారన్న ప్రశ్న తట్టలేదు. కింద పడుకుని ఉన్నది ఒక్కడే. వాడి ఫోన్ ముక్కలు పోలీసులిచ్చిన కవర్లో, బీరువాలో ఉన్నాయి.

ప్రతి ఫోటోకీ అడుగున వేళ్ల కొసలు కనిపిస్తున్నాయి... పైకి చాచిన వేళ్లు.

రూబెన్ 5.30కి పోయాడు. ఫోటోలు అక్కడ ఆగలేదు.

5.41. ఎవడో హోటల్లో టీ తాగుతూ వంగి చూస్తున్నాడు. 5.52. మంచం మీద బోర్లా పడుకున్న ఆడపిల్ల. వీళ్లు రోడ్డు మీద లేరు. వీడియో చూస్తున్నారు... ఫోన్ లోపలి నుంచి వీళ్లను ఎవరో చూస్తున్నారు. ఫోటో ఫోటోకీ ఆ చెయ్యి పైకొస్తోంది. మణికట్టు దాకా. మోచెయ్యి దాకా.

6.10. వత్సవాయి బస్సు, కిటికీ సీటు. చేతిలో మిరపకాయ బజ్జీ పట్టుకుని చూస్తున్నది మెర్లినే.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం బస్సులో ఉండగా వీడియో ఆమెకూ వచ్చింది. ముఖమంతా రక్తం, పోల్చుకోలేకపోయింది. నోరు చప్పరించి, అలవాటు ప్రకారం, "ఎవరో సహోదరుడు, ప్రార్థించండి" అని రాసి చర్చి గ్రూపులో పెట్టింది. తర్వాత బజ్జీ తింది. ఐదు నెలలుగా ఊరందరినీ తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు ఆమెకే తగిలాయి.

6.14. గ్రూపులో వచ్చింది చూస్తున్న లూర్దమ్మ. చెయ్యి దాదాపు ఆవిడ చెంప దగ్గరికొచ్చింది.

ఆ కింద మరొకటి, ఇప్పుడే వచ్చింది. చిక్కుడుకాయల బుట్ట, కుర్చీ కాలు, వంగిన అమ్మ ముఖం. 5.29... ఈ రోజుది.

వంటింట్లోంచి తారు వాసన వస్తోంది. వాన పడ్డ వేడి రోడ్డు వాసన.

"అమ్మా, ఫోన్ చూడకు."

"నా ఫోన్ పొద్దుననగా ఆగిపోయిందే" అంది లూర్దమ్మ, నిద్రపోయే పిల్లాడి పక్కన మాట్లాడినట్టు మెల్లగా.

మెర్లిన్ గుమ్మం దాకా వెళ్లింది. అమ్మ కుర్చీలో ఒక పక్కకు ఒరిగి ఉంది. కుడిచెయ్యి స్టవ్వు గట్టు కింది చీకట్లోకి వేలాడుతోంది. వేళ్లు కనబడటం లేదు.

"చెయ్యి అడిగాడే. ఇచ్చా."

"వదిలెయ్యమ్మా..."

"ఆ రోజు నువ్వు పంపితే, ఎవరి బిడ్డో పాపం అని జపమాల చెప్పి పడుకున్నా. మొహమన్నా సరిగా చూడలా. ఈసారి వదలను."

మెర్లిన్‌కి ఒళ్లు మండింది. "కిషోర్‌బాబు దగ్గరికి పోరా" అంది గట్టు కిందికి చూస్తూ. "నా దగ్గరికి రా. అమ్మనెందుకురా?"

అమ్మ ఎడమచెయ్యి పట్టుకుని లాగింది. కుర్చీ ఒక జానెడు ఇటు జరిగింది... మళ్లీ జానెడు అటు జరిగింది.

రెండో చేతిలో ఫోన్ అదిరింది. కొత్త ఫోటో. ఇది నేల మీంచి తీసింది కాదు. మనిషి నిలబడి, కళ్లెత్తున తీసింది. అదే వంటిల్లు. మెర్లిన్ ఒక్కతే ఉంది. కుర్చీ ఖాళీ. కింద టైము 5.40.

గోడ గడియారంలో ఐదు ముప్పై మూడైంది. అమ్మ చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.