కంట్రోల్ రూంలో చీమలు

ప్రాసెసర్ మాయమైంది.

అనంతగిరి ఘాట్ మీద శివప్రసాద్ కట్టించిన సంగీత సభ హాలుకు మెదడంతా అదే. గోడల్లో, పైకప్పులో బిగించిన ఇరవై నాలుగు స్పీకర్లలో ఏ ధ్వని ఎటు నుంచి రావాలో ఆ పెట్టే చెబుతుంది. రెండు ఇటుకలంత ఉంటుంది, అంతే. అది లేకపోతే ఎల్లుండి ప్రారంభోత్సవం గోవిందా. 2006 అక్టోబరు నెల.

ఎస్సై నీలవేణి వచ్చి కంట్రోల్ రూం చూసింది. కింద నాలుగు స్క్రూలు. తాళం పగల్లేదు. ఖాళీ అరలో తెల్లటి మరకలు, వాటి చుట్టూ చీమలు.

"ఇదేంటి?"

"పుట్టీ మేడం. గోడ ప్యానెళ్లకు వాడాం," అన్నాడు సౌండ్ ఇంజనీర్ భాస్కర్.

"తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?"

"వాచ్‌మన్ గాసి దగ్గర," శివప్రసాద్ అందుకున్నాడు. "ఇంకెవరు తీస్తారు? ఈ కొండల్లో జనానికి..."

"జనం సంగతి నేనడగలేదు." ఆమెదీ ఈ కొండలే. మాట చురుక్కుమనేలాగే అంది.

మూల కుర్చీలో మృదంగ విద్వాంసుడు వరహాలరావు కూర్చుని ఉన్నాడు. విజయనగరం మనిషే గానీ, ఉండేది ఇక్కడే, కింది వీధిలో. పన్నెండేళ్లుగా శివప్రసాద్ పెట్టే ప్రతి కచేరీకీ ఆయనే వాయిస్తున్నాడు. "గాసి అలాంటివాడు కాదమ్మా," అన్నాడు.

గాసిని స్టేషన్‌కు తీసుకెళ్లక తప్పలేదు.

"పెట్టె నువ్వు తీసావేటి?"

"నేదమ్మా."

"తాళంచెవి ఎవరికిచ్చావు?"

గాసి గుమ్మం వైపు చూశాడు.

"ఏటి గాసీ! రేపు కోర్టులో పెడతారు. ఉద్యోగం పోద్ది, జైలుకెల్తావు. ఇంట్లో నీ ముసిల్దాన్ని ఎవలు సూత్తారు?"

"ఆరే వత్తారమ్మా. వచ్చి సెప్తారు."

"ఎవలు?"

కానిస్టేబుల్ తెచ్చిన అన్నం గాసి ముట్టలేదు. గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటింది. ఎవరూ రాలేదు. నీలవేణికి ఒళ్లు మండిపోయింది. ఇంత నమ్మకం పెట్టుకున్న మనిషిని ఇలా వదిలేసినవాడు ఎవడో గానీ, వాడి మొహం చూడాలనిపించింది.

ఆమె మళ్లీ హాలుకు వెళ్లింది. కంట్రోల్ రూంలో చీమలు ఇంకా పెరిగాయి. మరకను గోటితో గీకి, అరచేతిలో నీటి చుక్క వేసి నలిపింది. అక్కడి నుంచి తిన్నగా కళాకారుల గ్రీన్‌రూంకి నడిచింది.

సాయంత్రం ఆరింటికి అందరినీ స్టేజీ ముందు కూర్చోబెట్టింది. గాసిని కూడా రప్పించింది.

"భాస్కర్, చీమలు పుట్టీ తింటాయా?"

"తినవు మేడం."

"ఇది తింటున్నాయి. ఎందుకంటే ఇది బొంబాయి రవ్వ. ఈ హాల్లో తడి రవ్వతో పని ఒక్కరికే ఉంది. మృదంగం ఎడమ వైపు రవ్వ ముద్ద అంటిస్తారు, వాయించడం అయ్యాక వేళ్లతో గీకేస్తారు. నిన్న రిహార్సల్ అయ్యాక మీరు చేయి కడుక్కోలేదు, వరహాలరావు గారూ."

ఆయన చేతులు ఒళ్లోకి లాక్కున్నాడు.

"రవ్వ ఎవరి చేతికైనా అంటుకోవచ్చమ్మా."

"అంటుకోవచ్చు. నిన్న మీ మృదంగం సంచి ఇంటిదాకా ఎవరు మోశారు?"

"గాసి."

"మృదంగం గ్రీన్‌రూంలోనే ఉంది, సంచి మాత్రం లేదు. నేనిప్పుడే చూశాను. మరి ఆ సంచిలో ఏముంది?"

అందరూ వరహాలరావు వైపు తిరిగారు.

"నెలరోజులు నా చేత మైకుల ముందు వాయింపించాడు," శివప్రసాద్‌ను చూపిస్తూ వరహాలరావు గొంతు పెంచాడు. "టెస్టింగ్ అన్నాడు. అంతా రికార్డు చేసుకున్నానని మొన్న చల్లగా చెప్పాడు. ఇకనుంచి నా మృదంగం స్పీకర్లలోంచి వస్తుందట, నేను రానక్కర్లేదట! పన్నెండేళ్ల మనిషిని. ఈ మోసం ఎవరితో చెప్పుకోను?"

శివప్రసాద్ తల దించుకున్నాడు. అతని మీద పెట్టడానికి నీలవేణి దగ్గర ఏ సెక్షనూ లేదు. ఆ సంగతి ఆమెకు కష్టంగానే ఉంది.

"మీకు జరిగింది అన్యాయమే," అంది. "మరి గాసికి?"

వరహాలరావు లేచి గాసి దగ్గరికి వెళ్లాడు. "ఒరేయ్ గాసీ, పెట్టె మా ఇంట్లోనే ఉందిరా. నాకు ధైర్యం చాల్లేదు."

గాసి ఆయన కళ్లలోకి చూశాడు.

"సంచి తేలిగ్గా ఉందని నాకు తెల్లేదనుకున్నారా మేస్టారూ? ఇన్నేళ్లు మోసినోణ్ని. దార్లో సెప్తారనుకున్నాను. సెప్పనేదు. మైకు వైరు సూసుకోవాలని తాళం అట్టుకెళ్లారని నానెవలికీ సెప్పనేదు. స్టేసన్‌కి వత్తారనుకున్నాను. రానేదు."

"తప్పయిపోయిందిరా."

"ఒక్క మాట, గాసీ, సంగతి ఇలాగరా అని ఒక్క మాట అనుంటే, నానే తీసానని ఒప్పేసుకుందును. ఇట్టంగా జైలుకెల్లిపోదును. మీరు నన్నడగనేదు మేస్టారూ. వాడేసుకున్నారు."

వరహాలరావు అతని భుజం మీద చేయి వేయబోయాడు. గాసి పక్కకు తప్పుకుని, నీలవేణి వైపు తిరిగాడు.

"నానింటికెల్లొచ్చా అమ్మా?"

"వెళ్లు," అంది నీలవేణి.